పట్టుదారం గాలం

చేపలు పట్టే సరదా ఉన్నవాడు మా జిల్లాలో పుట్టడం ఎంత తెలివితక్కువ పనో మా నాయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు. ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేసే మనిషికి చెరువు దగ్గర ఏం పని అని మా అమ్మ పెళ్లయిన కొత్తలో అడిగిందట. అమావాస్య నాడు మగ్గం గుంతలోకి దిగకూడదు కదా, మరి ఆ రోజంతా నీ మొహం చూస్తూ కూర్చోమంటావా అన్నాడట. అమ్మ ఈ మాట ఎన్నోసార్లు చెప్పి నవ్వేది. కొన్నిసార్లు నవ్వకుండా కూడా చెప్పేది.

మా వీధిలో నేతగాళ్లకు అమావాస్యే సెలవు. కొందరు సినిమాకు పోయేవారు, కొందరు పేకాటకు. నాయన, మా పక్కింటి చిన్నాయన మాత్రం గాలాలు భుజాన వేసుకుని చెరువుకట్టకు పోయేవారు. చిన్నాయన అంటే ఆయనేమీ మా రక్తసంబంధీకుడు కాదు. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. గోడకు ఇటు నాయన మగ్గం, అటు ఆయన మగ్గం. నేస్తూనే గోడ మీదుగా కేకలేసుకుని మాట్లాడుకునేవారు. పక్కన కండెలకు పట్టుపోగు చుడుతూ నేను వినేదాన్ని. అందులో ముప్పాతిక వంతు చేపల సంగతే. చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ ఆ మాటలు ఇంకా ఎక్కువయ్యేవి.

ఇద్దరికీ పడనిది దారం దగ్గరే. చిన్నాయన బెంగళూరు నుంచి రెండు ముక్కలుగా విడదీసే ఫైబరు కడ్డీ తెచ్చుకున్నాడు. దానికొక చక్రం, చక్రం నిండా నైలాన్ దారం. ఆ చక్రాన్ని పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవాడు. నాయనది వెదురు కట్టె. దానికి వేరుశనగ నూనె పట్టించి, వంకర పోకుండా కొసకు రాయి కట్టి దూలానికి వేలాడదీసేవాడు. నీళ్ల మీద తేలే బెండు జొన్నదంటులోంచి తీసింది. దారం మాత్రం పట్టుది. కండెల అడుగున మిగిలిన పట్టు కూడబెట్టి, మూడు పేటలు పేని, మైనం రాసి తయారుచేసుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క ముడి లేదు. పొద్దంతా తెగిన పోగులు ముడేసుకునే మనిషి కదా, ముడి లేని దారం ఒకటి తన చేతుల్లో ఉందంటే ఆయనకు అంత గర్వం.

"నీ దారానికి చేపలు పడవన్నా, పెండ్లికూతుళ్లు పడతారు" అనేవాడు చిన్నాయన.

"నీ నైలాన్‌కు చేప కొరికేది నీకు తెలిసేలోపల అది తిని చెయ్యి కడుక్కొని పోతాది" అనేవాడు నాయన.

చెరువుకట్ట మీద గాలం వేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి గాలానికి పడిన చేప పరిగెత్తి పక్కవాడి దారంలో చుట్టుకుంటే, పక్కవాడు తన దారం తానే కోసుకోవాలి. చేప పడినవాడు నోరు తెరిచి అడగకూడదు. అడిగించుకోవడం రెండోవాడికి సిగ్గు.

తొంభైల చివర్లో ఒక ఏడు చిన్నమ్మకు, అంటే చిన్నాయన భార్యకు, కడుపు ఆపరేషన్ అయింది. అన్నం సహించేది కాదు. చిక్కి సగమైపోయింది. ఒకరోజు మంచం మీద నుంచే కొరమీను పులుసు తినాలనుందని అంది. ఆమె నోరు తెరిచి ఒకటి అడగడమే అందరికీ పండగైంది. బజారంతా తిరిగినా కొరమీను దొరకలేదు. మరునాడే అమావాస్య. చిన్నాయన కప్పపిల్లను ఎర పెట్టి తెల్లవారేసరికే చెరువులో గాలం వేశాడు. పక్కనే నాయన.

మధ్యాహ్నం నేను సంగటి మూట తీసుకుని పోయేసరికి చిన్నాయన కడ్డీ విల్లులా వంగి ఉంది. నీళ్లలో నల్లగా ఒక వీపు పొర్లింది. కొరమీనే. అది ఎడమకు పరిగెత్తి నేరుగా నాయన దారంలో చుట్టుకుంది.

నాయన రొంటిలోంచి బ్లేడు తీశాడు. దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు.

"కోసేయన్నా!" అని అరిచాడు చిన్నాయన.

"ఉండప్పా, చిక్కు తీస్తా" అన్నాడు నాయన.

రెప్పపాటే. నైలాన్ దారం పుటుక్కున తెగింది. చేప పోయింది. చిన్నాయన కడ్డీ నిటారుగా లేచి ఊరికే ఊగుతూ ఉండిపోయింది.

"పొద్దుగూకులూ ముడులేసే మనిషివి, నా పెండ్లాం కోసరం ఒక్క ముడి ఏసుకోలేకపోతివా?" అన్నాడు చిన్నాయన.

తప్పయిందప్పా అని ఒక్క మాట అంటే సరిపోయేది. మా నాయన ఆ మాట అనే మనిషైతే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. "నీ దారం తెగితే నన్నేం చేయమంటావు?" అన్నాడు. చిన్నాయన సంగటి ముట్టకుండా ఇంటికి వెళ్లిపోయాడు. నాయన మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ మూట ఆయనకు కూడా పెట్టకుండా వెనక్కి తెచ్చేశాను.

చిన్నమ్మ మెల్లగా కోలుకుంది. గోడ మాత్రం మూగపోయింది. ఇటు మగ్గం చప్పుడు, అటు మగ్గం చప్పుడు, అంతే. ఒకరు ఆపితే రెండోవాళ్లు కూడా కాసేపు ఆపేవారు. అంతలోనే మళ్లీ మొదలుపెట్టేవారు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. చెరువు గుంటలుగా మిగిలి, ఆ గుంటలూ ఇంకిపోయి, అడుగు నెర్రెలిచ్చింది. అప్పుడు మా ఊరి గాలాల వాళ్లు ఒక పని చేస్తారు. ఎండిన చెరువులోకి దిగి, తుమ్మ మోడులకు తగులుకుని పోయిన పాత గాలాలు ఏరుకుంటారు. కట్టిన ముడిని బట్టి ఏ గాలం ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరి గాలం దొరికితే వాళ్లింటికి పోయి చేతికి చెయ్యి తాకించి ఇవ్వాలి, ఇంకొకరి ద్వారా పంపకూడదు. ఈ ఆచారం పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, వాడికి మా నాయనలాంటి స్నేహితుడు ఉండే ఉంటాడు.

నాయన ఎండలో వెతికి వెతికి చిన్నాయన గాలం ఒకటి పట్టుకొచ్చాడు. కాళ్లు కడుక్కుని, చొక్కా కూడా మార్చుకుని పక్కింటికి పోయాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చిన్నాయన చెయ్యి చాపాడు. నాయన అందులో గాలం పెట్టాడు.

"దొరికిందా?"

"దొరికింది."

నాయన తిరిగి వచ్చేశాడు. మార్చుకున్న చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. అమ్మ తల కొట్టుకుంది.

ఆ తర్వాత మరమగ్గాల చీరలొచ్చి మా వీధిలో సగం మగ్గం గుంతలు పూడిపోయాయి. చిన్నాయన కూడా మగ్గం విప్పేసి, బెంగళూరులో మరమగ్గాల కార్ఖానాలో చేరడానికి బయలుదేరాడు. పోయేముందు నాయన ఇంట్లో లేని వేళ చూసి వచ్చాడు. "ఆడ ఒకటే గది వదినా, దీనికి జాగా లేదు. యాడన్నా ఒక మూల పెట్టు" అని ఫైబరు కడ్డీ అమ్మ చేతికిచ్చాడు.

నాయన ఆ కడ్డీని తన వెదురు కట్టె పక్కనే వేలాడదీశాడు. దానికీ కొసన రాయి కట్టాడు. దానికీ నూనె పట్టించేవాడు. ఫైబరుకు వేరుశనగ నూనె రాసే మనిషిని నేను నా జన్మలో ఈయన్నొక్కణ్నే చూశాను. అలా రాస్తూ ఒకసారి నాతో, "ఆ పొద్దు కోసుండాల్సిందిమ్మే" అన్నాడు.

"ఆ మాట ఆయనకు చెప్పు నాయనా."

"ఫోన్లో చెప్పే మాటనా అది?" అని కసిరాడు. నూనె గిన్నె పక్కకు పెట్టి మొహం అటు తిప్పుకున్నాడు. చిన్నాయన మళ్లీ వస్తాడో రాడో అన్న భయం అప్పటికే ఆయన్ను పట్టుకుంది. వీధిలోంచి పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు.

కొన్నేళ్లకు ఒక వానాకాలం చిత్రావతి ఏరు పొంగింది. రాత్రికి రాత్రే చెరువులోకి నీళ్లు ఉరికాయి. ఊరు ఊరంతా పసుపు కుంకుమలతో కట్ట మీదికి పోతే, నాయన తిన్నగా ఫోన్ బూత్‌కు పోయాడు. నన్ను తోడు రమ్మన్నాడు. అప్పటికి నాకు పెళ్లై అదే వీధిలో ఉన్నాను. "చెరువు నిండింది. అమావాస్యకు రా. నీ కడ్డీ ఈడే ఉండాది" అని గడగడా చెప్పి, అవతలివాళ్లు కాదంటారేమోనని ఫోన్ పెట్టేశాడు.

చిన్నాయన వచ్చాడు. చిన్నమ్మను వెంటబెట్టుకుని పొద్దుటి రైలుకు దిగాడు. జుట్టు తెల్లబడింది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడకుండానే కడ్డీలు దించుకుని కట్ట మీదికి పోయారు. వెనకాల నేను సంగటి మూటతో బయలుదేరాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్క బెండూ కదల్లేదు. కాస్త దూరంలో బట్టలుతుకుతున్న ఒకావిడ చూసి చూసి ఉండబట్టలేక అడిగేసింది.

"ఎండిపోయి అన్నేండ్లయిన చెరువులో చేపలు యాన్నుంచి వస్తాయప్పా? చేపపిల్లల్ని ఇంకా ఇడిసిపెట్టనే లేదు గదా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక జీవితమంతా చేపల మాటలు మాట్లాడుకున్నవాళ్లు, నీళ్లు చూసిన సంబరంలో ఈ సంగతే మరిచిపోయారు. చిన్నాయన ముందు నవ్వాడు. తర్వాత నాయన. నవ్వి నవ్వి దగ్గు వచ్చేదాకా నవ్వారు. గాలాలు మాత్రం తీయలేదు.

సాయంత్రం గాలి తిరిగి రెండు దారాలూ చుట్టుకున్నాయి. చిన్నాయన చక్రం తిప్పబోయాడు. "ఉండన్నా, చిక్కు తీస్తా" అన్నాడు.

నాయన అప్పటికే బ్లేడు తీశాడు. పట్టుదారాన్ని టక్కున కోసేశాడు.

"అయ్యో, యాల కోసినావన్నా? చేపే లేదు గదా!"

"ఆ పొద్దు ఉన్నింది గదా" అన్నాడు నాయన. "ఆ పొద్దు కోయలేదు. తప్పు నాదేనప్పా."

చిన్నాయన కడ్డీ కింద పెట్టేశాడు. "ఒక్క దారం కోసేదానికి ఇన్నేండ్లా అన్నా" అన్నాడు. ఆ మాట పూర్తవకముందే ఆయనకు ఏడుపొచ్చింది. ఆయన్ను చూసి నాయనా ఏడ్చాడు. ఆ వయసు మగవాళ్లిద్దరు నలుగురూ తిరిగే కట్ట మీద పక్కపక్కన కూర్చుని చిన్నపిల్లల్లా ఏడుస్తుంటే, నాకు ఏం చేయాలో తోచక, మధ్యాహ్నం ఇద్దరూ ముట్టని మూట విప్పి సంగటి ముద్దలు చేయసాగాను.

బట్టలావిడ మూట నెత్తిన పెట్టుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది. "చేపలు లేవంటే ఇంతగా ఏడుస్తారామ్మా?" అని అడిగింది.