శవమెక్కిన కారు వెల

నా చిన్నప్పుడు ఏలూరులో మా వీధి మొత్తానికి ఒకటే కారు. అదీ చిన్నదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండు నుంచి ఓడలో దిగిందట. నల్ల రంగు, గుడ్డ టాపు, సన్నటి చక్రాలు. పెద్దవాళ్ళు నలుగురెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. అందరూ దాన్ని బేబీ కారు అనేవారు. మా పక్కింటి డాక్టరుగారిది. ఆయన రోడ్డున్నంత మేర ఆ కారులో, తరవాత దోనెలో, కొల్లేటి లంకలకు వెళ్ళి జ్వరాలకు మందిచ్చి వచ్చేవారు.

ఆ జ్వరమే ఆయనకూ తగులుకుంది. లంక నుంచి కబురందుకుని, ఆయన కారు బాగుచేసే మెకానిక్కు, ఇంట్లో కంగారుపడతారని చెప్పకుండానే వెళ్ళాడు. మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొస్తుంటే పెదపాడు దాటాక ఎక్కడో ప్రాణం పోయింది. ముందు కూర్చుని తోలేవాడికి ఆ సంగతి తెలియలేదు. వీధి మలుపులో ఎప్పటిలాగే హారను కొట్టాడు. ఆ హారను విని పక్కింటి అక్క, అంటే డాక్టరుగారి భార్య, ఆయన స్నానానికి వేణ్ణీళ్ళు తోడి పెట్టింది. ఆ బిందె చాలాసేపు అలాగే పొగలు కక్కుతూ ఉండడం నేను చూశాను.

అక్కకి అప్పటికి ఇరవయ్యేళ్ళు నిండలేదు. ఉన్నది అద్దె ఇల్లు. చేతికి మిగిలింది ఆ కారొక్కటే. రాజమండ్రి వెళ్ళి టీచరు ట్రైనింగు చదువుకుంటానంది. చదువు అయ్యేదాకా తిండికీ బసకీ డబ్బు కావాలి, అది ఆ కారు అమ్మితేనే వస్తుంది. డాక్టరుగారి అన్నగారు మాత్రం, "చదువెందుకమ్మా? మా ఇంట్లో పాలేళ్ళకి వండి పెట్టే మనిషి కావాలి. అక్కడే పడుండు" అన్నాడు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది తడిక గోడ. ఆ మాట మా పెరట్లోకి వినపడింది.

కర్మ పూర్తయిన మర్నాడే బజారు షావుకారు వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, తలుపు ముట్టుకోలేదు. "శవమెక్కిన బండి కదండీ. ఇంకెవరు ముట్టుకుంటారు? ఇనప సామాను లెక్కన నాలుగొందలు ఇస్తాను, అదీ డాక్టరుగారి మొహం చూసి" అన్నాడు. అన్నగారు సరేనన్నాడు. ఆయనకి కావలసింది కారు డబ్బు కాదు, వండి పెట్టే మనిషి. ఆ షావుకారు అప్పటికే ఊరంతా ఆ మాట చల్లి వచ్చాడని మాకు తరవాత తెలిసింది. కొనదలచినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ మాట విని వీధి మొగ నుంచే మళ్ళిపోయారట.

మా తాతయ్య పెళ్ళిళ్ళు చేయించే పురోహితుడు. అశుభం జరిగిన గడప తొక్కేవాడు కాదు. అలాంటి మనిషి తడిక పక్కన నిలబడి ఈ బేరమంతా విని, ఆ మెకానిక్కుని పిలిపించాడు. "అసలు ఇలాంటి బండికి ఎంత ఇవ్వచ్చోయ్?" అని అడిగాడు.

అతను ఇంజను తిప్పి పొగ చూశాడు. కింద దూరి రేకు తుప్పు పట్టిందేమోనని గీకి చూశాడు. టైర్లు నొక్కాడు. "పొగ తెల్లగా లేదండి, ఇంజను బాగుంది. రెండు టైర్లు అరిగిపోయాయి. టాపు చిరిగింది. ఏదైనా పాడైతే సామాను మద్రాసు నుంచి రావాలి, అదొక్కటే ఇబ్బంది. ఇవన్నీ తీసేసినా పదహారొందలు పెట్టి ధైర్యంగా కొనచ్చండి పంతులుగారూ. కానీ ఈ ఊళ్ళో ఎవరూ ఇవ్వరు."

"బండిలో లోపమా?"

"బండిలో ఏం లేదండి. నోళ్ళలో ఉంది."

మర్నాడు పొద్దున్న తాతయ్య పెళ్ళిపందిట్లోకి వెళ్ళేటప్పుడు కట్టే పట్టుపంచె కట్టుకున్నాడు. నన్ను పిలిచి ఆ కారు వెనక తలుపు తీయించి, "ఎక్కవే" అన్నాడు. మా మామ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చింది. "మీకు మతి పోతే మీరు ఊరేగండి. ఆడపిల్లనెందుకండీ అందులో కూర్చోబెడతారు?" అని నా చెయ్యి పట్టుకుని లాగింది.

"నేనొక్కణ్ణే ఎక్కితే ముసలాడికి చాదస్తం అంటారు. మనవరాల్ని ఎక్కిస్తే నమ్ముతారు" అన్నాడు తాతయ్య. ఆ మాటలో ప్రేమ ఏమీ లేదు. నన్ను తూకంరాయిలా వాడుకుంటున్నాడని అప్పుడే నాకు అర్థమైంది.

డాక్టరుగారి తల ఆనిన చోటే నేను కూర్చున్నాను. సీటుకి మందుల వాసన. కాళ్ళ కింద ఎండిపోయిన కొల్లేటి ఒండ్రు. ఏడవకూడదని బుగ్గని లోపలి నుంచి కొరుక్కున్నాను. మెకానిక్కు తోలాడు. కాలవ వంతెన దాటాం, బజారంతా తిరిగాం. కూరల గంపల వాళ్ళు లేచి నిలబడి చూశారు. షావుకారు కొట్టు ముందు కారు ఆపించి తాతయ్య తల బయటపెట్టాడు. "ఏవండీ షావుకారుగారూ, రండి, ఒక చుట్టు తిరిగొద్దాం. చోటుంది."

"కొట్టు వదిలి ఎలా వస్తానండీ" అన్నాడు ఆయన, మా మొహాలు చూడకుండా.

"నాలుగొందలు పెట్టి కొనేవారు కదా, ఎలా నడుస్తుందో చూసుకోరూ?"

పక్క కొట్టువాళ్ళు నవ్వారు. షావుకారు నవ్వలేదు.

ఆ వారంలోనే తాడేపల్లిగూడెం నుంచి ఒక బియ్యం మిల్లు ఆయన వచ్చాడు. ఆయన చెవినా శవం మాటా, మేము ఊరంతా తిరగడమూ రెండూ పడ్డాయి. బేరం మధ్యలో నా వైపు తిరిగి, "నువ్వేనా అమ్మా ఎక్కింది? భయం వెయ్యలేదూ?" అన్నాడు. వేసిందన్నాను. "మరి ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. ఆయన పదహారొందలూ లెక్కపెట్టి అక్క చేతిలోనే పెట్టాడు. డబ్బు అందకపోతే అక్క కదలదని అన్నగారు చాపిన చెయ్యి గాలిలో ఉండిపోయింది. అక్క రాజమండ్రి వెళ్ళింది. ఆ తరవాత ఉంగుటూరు బళ్ళో చాలాకాలం పంతులమ్మగా చేసింది.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ జరిగింది అది కాదు. ఆ ఏడు మాఘమాసంలో మా తాతయ్యకి ఒక్క పెళ్ళికీ పిలుపు రాలేదు. షావుకారు ఎవరినీ తిట్టలేదు, మామీద కేకలెయ్యలేదు. శవమెక్కిన బండిలో ఊరేగిన పంతులు మంగళసూత్రం ముట్టుకుంటే ఏమవుతుందో అని కొట్టుకొచ్చిన వాళ్ళ దగ్గర సందేహపడేవాడంతే. తరవాతి ముహూర్తాలకీ అంతే. ఇంట్లో రాత్రిపూట పొయ్యి వెలిగించడం మానేశాం. పొద్దుటి గంజిలో ఉప్పేసుకు తాగేవాళ్ళం. కొన్నేళ్ళకి నా పెళ్ళి మాటలప్పుడు కూడా ఆ కారు వచ్చి మధ్యలో కూర్చుంది. ఒక సంబంధం వాళ్ళు తాంబూలాల దాకా వచ్చి, ఎక్కిన పిల్ల ఈ పిల్లేనా అని అడిగి వెళ్ళిపోయారు.

ఒకనాడు గంజి పోస్తూ మామ్మ ఉండబట్టలేక, "ఆవిడ కారుకి ధర వచ్చింది. మనకేమొచ్చిందండీ?" అని దెప్పింది. తాతయ్య గిన్నెలోకి చూస్తూ, "ధరలో కోసేసింది ఎక్కడికీ పోదే. ఎవరో ఒకరు కట్టాలి. ఆ పిల్ల కట్టవలసింది, మనం కట్టాం" అన్నాడు. ఆ తరవాత ఒక్క పెళ్ళీ చేయించకుండానే పోయాడు.

నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. డబ్బు దగ్గర గట్టిదాన్నని ఇంటా బయటా పేరు. వంకాయల దగ్గర రూపాయి కూడా వదలను. మొన్న మా మనవడు ఫోనులో ఒక పాత ఇంగ్లీషు కారు బొమ్మ చూపించాడు. అలాంటివి ఇప్పుడు ముచ్చటకి కొంటారట. యజమాని పోయాడు, ఇంట్లోవాళ్ళు కంగారులో ఉన్నారు, సగానికే వస్తుంది మామ్మా అని సంబరపడ్డాడు. ఇంజనూ రేకూ చూసి, బాగా తెలిసినవాణ్ణి అడిగి, అసలు ధర కనుక్కొచ్చి ఆ ధరకే అడగమన్నాను. లేకపోతే నా గుమ్మం ముందు ఆ కారు పెట్టొద్దన్నాను. చాదస్తం అన్నాడు.

అనుకోనీ. ఏదైనా మరీ చవగ్గా వస్తుందంటే నాకు ఆ మందుల వాసన తగులుతుంది. తగ్గిన సగం ఎవరు కడుతున్నారో తెలిసేదాకా నా కొంగు ముడి విప్పను.