ఒకే సైజు అక్షరాలు

పొద్దున్నే కృష్ణ కరకట్ట మీద నడవటం తాడేపల్లి వచ్చాక నాకు అలవాటైంది. అక్కడ ఈ మధ్య ఒకాయన బల్ల వేసుకుని ఆకు రసాలు అమ్ముతున్నాడు. మొన్న నేను పక్కనుంచి వెళుతుంటే రోట్లో నేల ఉసిరి దంచుతున్నాడు. ఆ పచ్చి చేదు వాసన తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. షుగరుకా, లివరుకా అని అతను అడుగుతూనే ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను. ఆ వాసన నేను చివరిసారి చూసింది పదిహేనేళ్ళ క్రితం, గుంటూరులో సుభానీ గారి చేతివేళ్ళ మీద.

సుభానీ గారు పొన్నూరులో వృక్షశాస్త్రం లెక్చరరుగా పనిచేసి రిటైరైన మనిషి. మిర్చి యార్డుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న ప్రచురణ సంస్థ తెలుగులో కుటుంబ వైద్య విజ్ఞాన సర్వస్వం వేస్తే, దానికి ఆయనే సంపాదకులు. నేను అక్కడ కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ పని చేసేదాన్ని. ఎండాకాలం గాలి ఇటు తిరిగిందంటే మిరప ఘాటుకు ఆఫీసంతా తుమ్ములు. ఆయన మాత్రం జేబురుమాలు ముక్కుకు కట్టుకుని ప్రూఫులు దిద్దుతూ ఉండేవారు. కామా తప్పు పడినా పిలిచి చూపించేవారు. కోప్పడేవారు కాదు. "చదివేవాడు మన పక్కన కూర్చుని ఉండడమ్మా, వాడికి అనుమానమొస్తే అడగటానికి మనం దొరకం" అనేవారు.

ఆ పుస్తకంలో ప్రతి జబ్బు కిందా అయిదు చికిత్సలు వరుసగా ఉండేవి. ఆస్పత్రి వైద్యం, ఆయుర్వేదం, యునాని, హోమియో, గృహవైద్యం. ఆ ఏర్పాటు ఆయనదే. వాళ్ళ నాన్నగారు పొన్నూరులో హకీము. ఈయన చదువుకునే రోజుల్లో కాలేజీ లైబ్రరీలో ఏదో లావుపాటి పుస్తకం తిరగేస్తే యునాని వైద్యం తాయెత్తుల పక్కన, మూఢాచారాల కింద కనిపించిందట. "మా నాన్న పేరు తీసుకెళ్ళి చేతబడి చేసేవాళ్ళ వరసలో రాసినట్టనిపించిందమ్మా. అన్నం తినలేకపోయాను" అని ఒకసారి చెప్పారు. అందుకే తన చేతికి ఒక పుస్తకం వచ్చినప్పుడు అన్నిటినీ సమానంగా నిలబెట్టారు. అవే అక్షరాలు, అదే సైజు. అది న్యాయమనే నేనూ అనుకున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం అద్దంకి అవతల పల్లె నుంచి కోటేశ్వరరావు అనే రైతు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. చంకలో మా పుస్తకం, చేతిలో న్యూస్‌పేపరులో చుట్టిన మొక్క. పుస్తకం రాసిన సారు ఎవరని అడిగి, సుభానీ గారి బల్ల మీద ఆ పొట్లం విప్పాడు. తడి మట్టితో సహా పీక్కొచ్చిన మొక్క.

"ఇది నేల ఉసిరేనా సార్? చూసి చెప్పండి."

సుభానీ గారు ఆకు తుంచి నలిపి వాసన చూశారు. కొమ్మ తిరగేసి కింద వరసగా ఉన్న కాయలు చూశారు. "అదేనయ్యా. ఎందుకు?"

"మొక్కేమన్నా తేడా పడిందేమోనని కనుక్కోవటానికొచ్చానండి. మా ఆవిడకి పచ్చకామెర్లొచ్చినయ్. మీరు రాసినట్టే చేశాను. పరగడుపున, పాలల్లో కలిపి. తొమ్మిదో రోజుకి మనిషి మాట తడబడింది. ఒంగోలు తీసుకెళ్ళేసరికి తెలివి లేదు. ఏడో నెల సార్. ఇద్దరూ దక్కలేదు."

సుభానీ గారి చేతిలో ఆకు అలాగే ఉంది. "మొదటే ఆస్పత్రికి ఎందుకు వెళ్ళలేదయ్యా?" అన్నారు. మెల్లిగానే అన్నారు.

కోటేశ్వరరావు పుస్తకం తెరిచాడు. ఆ పేజీ మూల మడిచి ఉంది. "ఇదిగో సార్, అయిదు రాశారు. ఒకటోది ఆస్పత్రి. అయిదోది ఇది. మిరప కోతలు, మనుషులు దొరకటం లేదు. ఆస్పత్రిలో పడుంటే చేనెవరు చూస్తారని దానికే దిగులు. ఇంట్లోనే అయ్యేది చూడమంది. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నయ్ గదండీ. అన్నీ ఒకటేననుకున్నా." ఆగి, మళ్ళీ అడిగాడు. "మొక్క సరైనదే అంటారు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది సార్?"

"నువ్వు పొరపాటు చెయ్యలేదు బాబూ" అన్నారు సుభానీ గారు. "పొరపాటు పుస్తకంలో ఉంది. రాసింది నేనే."

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మంచినీళ్ళు తాగి, బస్సుకు వేళైందని లేచాడు. పుస్తకం తీసుకెళ్ళలేదు.

మర్నాటి నుంచి సుభానీ గారు రెండో కూర్పు పని మొదలుపెట్టారు. ప్రతి మందు కిందా ఒక మాట ఉండాలన్నారు. పరీక్షలో నిలిచింది, పరీక్ష జరగలేదు, ప్రమాదం. ఈ మూడింటిలో ఏదో ఒకటి. కామెర్ల పేజీకి పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో, "గర్భిణికి కామెర్లు వస్తే ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కింద ఉన్నది తర్వాత చదవవచ్చు" అని రాసిచ్చారు. యునాని పేజీలకొచ్చినప్పుడు, వాళ్ళ నాన్నగారు చేసే లేహ్యం ఒకటి అందులో ఉంది. దానికేం పెట్టమంటారని అడిగాను. "పరీక్ష జరగలేదు అని పెట్టమ్మా. అది నిజమేగా" అన్నారు. ఆ సాయంత్రం మాత్రం టీ వద్దన్నారు.

కూర్పు అచ్చుకు వెళ్ళే ముందు యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. సంగతి తెలిసి, పుస్తకం కొనే ఆయుర్వేదం, హోమియో వైద్యులు చాలామంది నొచ్చుకుంటున్నారట. "ఆ మాటలన్నీ తీసెయ్యమ్మా. పాత పద్ధతిలోనే ఉంచు. మాస్టారితో నేను మాట్లాడతాలే" అన్నాడు. మాట్లాడడని నాకు తెలుసు. ఉద్యోగం పోతుందన్న భయంతో తలూపాను. సుభానీ గారు నెలల తరబడి ఆలోచించి రాసిన మాటలు ఒక్క పూటలో పోయాయి. కామెర్ల పేజీ దగ్గర చెయ్యి ఆగింది. అదొక్కటీ ఉంచితే యజమాని కంట పడుతుందేమోననుకుని, దాన్నీ తీసేశాను.

పుస్తకాలొచ్చిన రోజు సుభానీ గారు ఒక కాపీ తీసుకుని నేరుగా ఆ పేజీయే తెరిచారు. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చారు.

"నువ్వే తీశావా అమ్మా?"

"అవును సార్."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"నెల రోజులూ నాతో కూర్చుని టీ తాగావు" అన్నారు. అంతే. కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు.

మూడు వారాలు ఓర్చుకుని పొన్నూరు వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. ఆయన వరండాలో కూర్చుని చీటీలు రాస్తున్నారు. కామెర్ల పేజీకి పైన రాసిచ్చిన ఆ రెండు వాక్యాలే, ఒక్కో చీటీ మీద. నన్ను చూసి, "కూర్చో. నీ దస్తూరి నాకన్నా బాగుంటుంది" అని సగం కాగితాలు నావైపు జరిపారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేకపోయాను.

ఆ ఏడాది ఆదివారాలతో సహా నాకు సెలవు దొరికిన ప్రతి రోజూ, మా పుస్తకంలో ఆ చీటీ అంటించటానికి ఆయనతో కలిసి చుట్టుపక్కల లైబ్రరీలు తిరిగాను. కొందరు అంటించుకోమన్నారు. కొందరు లైబ్రరీ పుస్తకంలో కాగితాలు అంటించకూడదండీ అని పంపేశారు. అద్దంకి వెళ్ళిన రోజు అక్కణ్ణుంచి కోటేశ్వరరావు ఊరికీ వెళ్ళాం. అతను కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. సుభానీ గారు చీటీ అతని చేతికిచ్చారు. అతను నిలబడి చదివాడు, రెండుసార్లు చదివాడు.

"బాగుంది సార్. మొదటే ఉంటే బాగుండేది" అని చీటీ తిరిగి ఇచ్చేసి, మళ్ళీ కాయల్లోకి వంగాడు.

సుభానీ గారు రెండేళ్ళకు గుండెపోటుతో పోయారు. ఆ పుస్తకం ఇప్పటికీ అచ్చవుతోంది, పాత వరసలోనే. నేను ఆ ఉద్యోగం మానేశాను గాని, మానేసింది చాలా ఆలస్యంగా.

ఇప్పుడు ఖాళీ దొరికితే, ఇంటర్నెట్లో పదిమందీ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకదానిలో వైద్యం పేజీలు చూస్తుంటాను. పనిచేస్తుందని రుజువు లేదు అన్న మాట చేరుస్తాను. మన వైద్యాన్ని కించపరుస్తున్నారని ఎవరో ఒకరు తీసేస్తారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు. అన్నం తినలేకపోయిన ఒక కుర్రవాడి బాధ నాకు తెలుసు. మళ్ళీ పెడతాను. నిన్న ఒకతను, "ఈ ఒక్క వాక్యం తీసేస్తే ఎవరికండీ నష్టం?" అని రాశాడు. చెప్పాలనుకుని టైపు చెయ్యటం మొదలుపెట్టాను. అద్దంకి దగ్గర ఒక పల్లె, మిరప కోతలు, ఏడో నెల. ఆమె పేరు రాయవలసిన చోట ఆగిపోయాను. ఆ రోజు మేం మొక్కను చూశాం, పేజీని చూశాం, ఆస్పత్రికి ఎందుకు వెళ్ళలేదని అడిగాం. ఆమె పేరు మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.