సోఫా మీద ఎవరూ కూర్చోలేదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి రెండు జబ్బులుంటాయనుకుంటాను. తనకి అన్నీ తెలుసనుకోవడం ఒకటి, తనని అందరూ మోసం చేస్తున్నారనుకోవడం ఇంకొకటి. ఇరవై రెండేళ్ల వయసులో నాకు రెండూ ముదిరి ఉండేవి. ఆ రోజుల్లో నేను గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో, విదేశాలకి ఎండు మిరపకాయలు పంపే ఒక చిన్న కంపెనీలో సరుకు వెంట వెళ్ళాల్సిన కాగితాలు తయారుచేసే పని చేసేవాణ్ణి. ఆఫీసంటే గోడౌన్‌కి ఆనించి వేసిన రేకుల గది. అవతల బస్తా కదిలిస్తే ఇవతల మేం తుమ్మేవాళ్ళం. (మా అమ్మ నా చొక్కాని ఇంట్లో ఎవరి బట్టలతోనూ కలిపి నానబెట్టేది కాదు.) నాతో పాటు ఇద్దరే ఉండేవారు. పెదకాకాని నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క శాంపిల్ ప్యాకెట్లూ, ఫోన్లూ చూసుకునేది. రెండో ఆయన సీనియర్ గుమస్తా, మేం పెట్టుకున్న పేరు కూపీ బాబాయి. ఏ విషయం వెనకైనా ఇంకో విషయం దాగి ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. అంతకు ముందు రెండేళ్లలో నలుగురు మానేసి వెళ్ళిపోయారు.

ఒకరోజు మా ఓనరు గారు విజయవాడ నుంచి ఒక మేడంని తీసుకొచ్చారు. ఆవిడ చేతిలో కొలతల టేపూ, నోటు పుస్తకమూ. రెండు రోజులు ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుని మమ్మల్ని చూస్తూ రాసుకుంది. "బాబాయి గారూ, రోజుకి ఎన్నిసార్లు లేస్తారండీ కుర్చీలోంచి?" అని అడిగింది. బాబాయి ముఖం మాడిపోయింది. "అసలు లేవనండి" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి పాపం సాయంత్రం దాకా బాత్‌రూముకి కూడా వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళాక మా ఇద్దర్నీ దగ్గరికి పిలిచి, "ఎవడు ఎంతసేపు పని చేస్తున్నాడో రాసుకుందిరా. ముగ్గురిలో ఒకణ్ణి తీసేస్తారు, రాసి పెట్టుకో" అన్నాడు.

మూడు నెలల్లో గోడౌన్ పక్క ఖాళీ స్థలంలో కట్టిన మేడ మీద కొత్త ఆఫీసు తయారైంది. ఏసీ, అద్దాల తలుపు, కిటికీల దగ్గర మొక్కలు, వీపుకి ఆనుకునే కుర్చీలు, కాఫీ మిషను, తెర వేసిన చిన్న గదిలో నీలం రంగు సోఫా. మంచి చోటు చూస్తే మనిషికి సంతోషం కలగాలి కదా? మాకు భయం వేసింది. "సోఫా మీద ఎవడు కూర్చుంటే వాడి పేరు రాసుకుంటారు" అన్నాడు బాబాయి. దాంతో మేం దాని పక్కనుంచి నడవడం కూడా మానేశాం. నడుం నొప్పితో అక్క మధ్యాహ్నం పూట గోడకి ఆనుకుని నిలబడేది గానీ సోఫా వంక చూసేది కాదు. ఇక సీలింగుకి ఒక తెల్లటి గుండ్రటి డబ్బా, అందులో ఎర్రగా మిణుకుమంటూ చిన్న దీపం. కెమెరా అని బాబాయి, మైకు అని నేను. ఎందుకైనా మంచిదని దాని కింద నిలబడి, "మన ఓనరు గారంత మంచి మనిషి ఈ జిల్లాలోనే లేడు బాబాయ్" అని గట్టిగా అనుకునేవాళ్ళం.

నా బాధ వేరే ఉంది. నా బల్లని తలుపుకి దూరంగా, అందరికంటే లోపల, ఒక మూలన వేశారు. "నిన్ను మూలకి తోశారంటే అర్థమైందా? ముందు పోయేది నువ్వేరా" అన్నాడు బాబాయి. నాకు పౌరుషం వచ్చింది. వాళ్ళు తీసేసే లోపు నేనే మానేయాలని రెండు పేజీల రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. 'నన్ను అవమానకరంగా మూలన కూర్చోబెట్టినందుకు' అని మొదటి వాక్యం. (అది రాసినప్పుడు నా కళ్ళే చెమర్చాయి.)

ఆ శుక్రవారం పొద్దున్నే అక్క మూకుడులో నిప్పులు పట్టుకొచ్చింది. "ఏంటక్కా ఇది?" అన్నాను. "దిష్టి తీస్తానురా. ఇదంతా మన మంచికే అయితే కళ్ళు పడకుండా ఉంటాయి. చెడుకే అయితే ఆ చెడు పోతుంది" అంది. శాంపిల్ ప్యాకెట్లోంచి గుప్పెడు కాయలు తీసి, గది చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఘాటు ఒక్కసారిగా గుప్పుమంది. మరుక్షణం సీలింగు మీది డబ్బా చెవులు చిల్లులు పడేలా కూతపెట్టింది. "చూశావా, మనల్ని పట్టుకుంది!" అని దగ్గుతూ అరిచాడు బాబాయి. ముగ్గురం కళ్ళూ ముక్కులూ కారుతుంటే మెట్ల మీదికి పరిగెత్తాం.

కింది నుంచి ఓనరు గారు రొప్పుతూ ఎక్కి వచ్చారు. "ఎవరికైనా దెబ్బలు తగిలాయా? అందరూ బయటికొచ్చారా?" అన్నారు. అది పొగ వస్తే మోగే అలారమని అప్పుడు తెలిసింది. ఆ కంగారులో, ఇక నా పని అయిపోయిందనుకుని జేబులో కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన అక్కడే మెట్ల మీద నిలబడి రెండు పేజీలూ చదివారు. కిందికెళ్ళి, మేడం గీసిన ప్లాను తెచ్చి నా ముందు పరిచారు. నా బల్ల గుర్తు పక్కన పెన్సిలుతో రాసి ఉంది: 'ఈ అబ్బాయి తుమ్ముతూనే ఉన్నాడు. గోడౌన్ గాలి తగలని చోట వేయాలి.' బాబాయి బల్ల దగ్గర: 'మోకాళ్ళ నొప్పి. బాత్‌రూముకి దగ్గరగా.' సోఫా దగ్గర అక్క నడుం సంగతి.

"ఏ దేశానికి ఏ కాగితం పోవాలో ఒక్కొక్కడికీ నేర్పడం, నేర్చుకోగానే వాడు హైదరాబాదు పోవడం. మీరైనా ఉంటారని కట్టించానురా" అన్నారాయన.

"ఆ ముక్క ముందే చెప్పుంటే బాగుండేది కదండీ" అన్నాను.

"చెబితే నమ్మేవాళ్ళా?"

అక్క నెమ్మదిగా, "పొగ పోయాక ఆ సోఫా మీద కాసేపు నడుం వాల్చనాండీ?" అని అడిగింది.

నేను ఆ ఆఫీసులో ఆరేళ్లు ఉన్నాను. పెళ్ళయ్యాక మా ఆవిడకి ఒంగోలులో టీచరుద్యోగం వస్తే మానక తప్పలేదు. చెప్పడానికి వెళ్ళినప్పుడు ఓనరు గారు కళ్ళజోడు తీసి నన్ను తేరిపార చూశారు. "ఒంగోలా? ఏ ఎక్స్‌పోర్టు వాళ్ళు పిలిచార్రా నిన్ను?"

"ఎవరూ పిలవలేదండీ. నిజంగా మా ఆవిడ ఉద్యోగం కోసమే."

"సర్లే, చెప్పకపోతే మానె" అన్నారు. కాఫీ తెప్పించి, అది తాగేలోపు ఇంకో రెండుసార్లు అడిగారు. ఉన్న నిజం చెబుతున్నా ఎదుటి మనిషి నమ్మకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆయన మీద కోపం రాలేదు గానీ, ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు గుర్తొచ్చి బస్సులో చిలకలూరిపేట దాకా నవ్వుకుంటూనే ఉన్నాను.