వదినె కొప్పు

మా వాడలో నేను వదినె అని పిలిచే ఆమె స్కూటీ కొన్నప్పుడు నాకు కళ్లు కుట్టలేదంటే అబద్ధం. కుట్టాయి. కానీ ఆ మంట రెండు రోజుల్లో చల్లారింది. చల్లారనిది వేరే ఉంది. ఒక పొద్దున నల్లా దగ్గర ఆమె బిందె కింద పెట్టి, రెండు చేతులూ తల వెనక్కి ఎత్తి, జారిన కొప్పును తనే ముడేసుకుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూనే వేసుకుంది. నా కడుపు భగ్గుమంది.

అది అర్థం కావాలంటే ఆసు గురించి చెప్పాలి. మాది పోచంపల్లి. దారం మగ్గం ఎక్కే ముందు ఇంటి ఆడవాళ్లు దాన్ని ఆసు పోయాలి. ఒక చెక్కకు అర్ధచంద్రంలా చీలలు కొట్టి ఉంటాయి, ఎదురుగా ఒంటి చీల ఉంటుంది. ఆ ఒంటి చీల నుంచి ఈ చీలలకు, వీటి నుంచి మళ్లీ దానికి, దారం పట్టుకుని చెయ్యి తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకే పొద్దు గడిచిపోతుంది. తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. ఆ పని చేసే మిషన్లు కొందరి ఇళ్లకు వచ్చాయి గాని మా వాడలో అందరికీ చెయ్యే మిషను. కొన్నేళ్లు పోస్తే భుజం పట్టేస్తుంది. జాకెట్టు తొడుక్కోవడం కష్టం, తల దువ్వుకోవడం ఇంకా కష్టం. నా తల మా అత్త దువ్వేది. దువ్వుతూ రోజూ ఏదో ఒకటి అనేది. జుట్టు అత్త చేతిలో ఉన్న కోడలు ఏం బదులు చెబుతుంది?

ఆమె, నేను ఒకే ఏడు ఆ వాడకు కోడళ్లుగా వచ్చాం. నేను మోత్కూరు నుంచి, ఆమె పాలమూరు నుంచి. చుట్టరికం లేకున్నా ఒకరినొకరు వదినె అనుకునేవాళ్లం. ఒకే అరుగు మీద ఆసులు పెట్టుకుని కూర్చునేవాళ్లం. పనిలో నా చెయ్యే మంచిదని నూలు ఇచ్చే సావుకారు కూడా అనేవాడు. ఆమె పోగులు తప్పేది, విప్పేది, మళ్లీ పోసేది. మాట మాత్రం తేనె. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

ఆ నోటితోనే ఆమె బిజినెస్‌లో చేరింది. పాలమూరులో ఉన్న వాళ్ల అన్న భార్య చేర్పించిందట. ఒళ్లు నొప్పులకు పాలల్లో కలుపుకుని తాగే పొడి. డబ్బా మనం కొనాలి, ఇంకొకరి చేత కొనిపించాలి, వాళ్లు మరొకరి చేత. కింద ఎంతమంది చేరితే పైవాళ్లకు అంత కమీషన్. తిరుగుడు ఎక్కువై ఆమె ఆసును అరుగు మీది నుంచి తన పెరట్లోకి మార్చింది, తీరినప్పుడు అక్కడే పోస్తుందనుకున్నాం. తీయగా పలకరించేది గాని పొడి గురించి ఎక్కువేమీ చెప్పేది కాదు. ఒకప్పుడు మాలాగే పట్టేసిన చెయ్యి పైకెత్తి చూపించేది, అంతే. ఆ చెయ్యి చూసి వాడంతా డబ్బాలు కొన్నది. నేనూ కొని తాగాను. నా చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. చివరికి పొడికి కూడా ఆమె మీదే ప్రేమ అనుకున్నాను.

ఒక శుక్రవారం ఆమె కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. ఆదివారం తన ఇంట్లో మీటింగు, పట్నం నుంచి పెద్ద సార్ వస్తాడు. పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టింది. బొట్టు పెట్టి పిలిస్తే పోకుండా ఉండటం మాలో లేదు. నన్ను మాత్రం పక్కకు పిలిచి చెప్పింది.

"నా కింద చేరు వదినె. మోత్కూరుల నీ చెల్లెండ్లు, చిన్నమ్మలు మస్తుమంది ఉన్నరు. నీ మాట నమ్ముతరు."

నిజమే, నమ్ముతారు. అందరికంటే ముందు మా అమ్మ నమ్ముతుంది. మోకాళ్లు పట్టుకుపోయినా కూలికి పోయి పత్తి ఏరే మనిషి. నేను ఇచ్చానంటే ఏమిటని అడగకుండా తాగుతుంది, పక్కింటివాళ్ల చేత తాగిస్తుంది. అది తలుచుకుంటే నాకు జంకు. కానీ ఆమె నవ్వుతూ చెయ్యెత్తడం తలుచుకుంటే ఆ జంకు ఎగిరిపోయేది. చేరాలి, ఆమె కంటే ఎక్కువమందిని తేవాలి, కంపెనీవాళ్లు ఆమె మెడలో వేసిన దానికంటే పెద్ద దండ నా మెడలో పడాలి. మా ఆయన్ను అడిగితే నీ ఇష్టం అని మగ్గం గుంటలోకి దిగాడు. ఆదివారం నాటికి నేను చేరినట్టే.

సాయానికని కాస్త ముందే వెళ్లాను. చాపలు తేవడానికి పెరట్లోకి పోతే, ఆమె ఆసు గోడకు ఆనించి ఉంది. చీలల మీద పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. రెండు చీలల మధ్య కందిరీగ మట్టిగూడు కట్టింది. మొదట కుళ్లే పుట్టింది, మహారాణి ఆసు పోయడం మానేసి ఎన్నాళ్లయిందోనని. ఆ తర్వాత అక్కడే నిలబడిపోయాను.

మా వాడలో ఆసు మానేసిన ఆడది లేదు. పురుడు పోసుకున్నవాళ్లు కూడా పిల్లను ఉయ్యాల్లో వేసి కూర్చునేవాళ్లే. అందుకే మానేస్తే భుజం ఏమవుతుందో మాలో ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు. పొడి వల్లేనని నిజంగానే నమ్మింది.

పెరట్లోకి పిలిచి అడిగాను.

"ఆసు ఇడిసి ఎన్ని దినాలాయె వదినె?"

"బిజినెస్ల పడ్డంక యాడ తీరుతది?"

"నీ భుజం గందుకే తగ్గింది. పొడితోని కాదు."

ఆమె ముఖం మాడిపోయింది. "నీకు కండ్లమంట. నేను బాగుపడుడు ఓరుస్తలేవు."

"ఔ, ఓరుస్తలేను. గని మా అమ్మకు గీ పొడి నేను తాపియ్య."

చాపలు అక్కడే పెట్టి వచ్చేశాను. ముందు గదిలో అప్పటికే వచ్చి కూర్చున్న ఆడవాళ్లకూ అదే మాట చెప్పాను. ఒక్కరూ వినలేదు. నా కుళ్లు వాడంతటికీ తెలిసిందే, ఆ నోటితో నిజం చెబితే ఎవరు నమ్ముతారు? చాలామంది చేరారు. నాకు ఓర్వలేనిది అని పేరు పడింది. మా అత్త ఆ వారమంతా దువ్వెన గట్టిగా లాగింది.

ఏడాది తిరక్కుండానే పట్నంలో ఆ కంపెనీకి తాళం పడింది. పెద్ద సార్ ఫోను ఎత్తలేదు. స్కూటీ పోయింది. ఆమె ఆసు మీది బట్టలు తీసి, మట్టిగూడు గీకి, మళ్లీ అరుగు మీదికి వచ్చి ఆ చివరన కూర్చుంది. నాతో మాట్లాడలేదు. నేను సంతోషించాను, దాచడం దేనికి? పోగు తప్పి ఆమె విప్పుతుంటే నా చెయ్యి ఇంకా జోరుగా నడిచేది.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం దువ్వెన, నూనె సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. నేను చెయ్యి ఎత్తే పని లేకుండా పై మెట్టు మీద కూర్చున్నాను. పొడి తాగరాదా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను.

ఆమే అడిగింది. "ఇడిసిపెడితే మల్ల తగ్గుతదా వదినె?"

"తగ్గుతది. ఇడిసిపెట్టుడు మనతోని అయితదా?"

 నూనె రాసి జుట్టు కూడదీస్తే నా పిడికిట్లో పట్టలేదు. ఇంత జరిగినా అది నా జుట్టు కంటే ఒత్తుగానే ఉంది. కొప్పు కొంచెం గట్టిగానే ముడేశాను.