సగం మీసం పటం

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లోని గలాలీలో మా అద్దె ఇంటి హాల్లో సగం మీసం ఉన్న ఒక దొర పటం వేలాడుతుండేది. ఎడమవైపు మీసం చెవి దాకా వంపు తిరిగి ఉండేది. కుడివైపు నున్నగా ఉండేది. ఆ కాలంలో దొరలకు అదొక అలంకారమని ఇంట్లో చెప్పేవారు. నేను నమ్మాను. మా వంశం గురించి ఎవరేం చెప్పినా నమ్మే వయసు అది. నిజానికి ఆ వయసు నాకింకా పూర్తిగా దాటలేదు.

ఆ దొర మా తాతయ్యకు తాత. మాది తెలంగాణలో గడి ఉన్న కుటుంబం. గొప్పకు చెప్పడం లేదు, ఆ గడి కూలిపోయి చాలా కాలమైంది. కూలకముందు అందులో కూర్చుని ఆయన తుపాకులు కనిపెట్టాడు. మొదటిది నిప్పు ముట్టించకుండానే పేలేది. రెండోది ఒకసారి మందు కూరితే రెండుసార్లు పేలేది. మూడోదాన్ని మోయడానికి ఇద్దరు, గురిపెట్టడానికి ఒకరు కావలసి వచ్చేది. ఇవన్నీ సీమదొరల కంటే ముందు మా ఇంట్లోనే పుట్టాయని తాతయ్య గట్టి నమ్మకం. వాటివల్ల శత్రువెవరైనా చనిపోయిన దాఖలా మాత్రం లేదు.

నాన్న ఉద్యోగం కోసం బహ్రెయిన్ వచ్చినప్పుడు, గడిలో మిగిలిన రెంటినీ, అంటే ఆ పటాన్నీ తాతయ్యనూ, వెంట తెచ్చుకున్నారు. తాతయ్య ఇక్కడి ఎండలో కూడా షేర్వాణీ లేనిదే గడప దాటేవారు కారు. పక్కింటి హాజీకి ఖర్జూర తోట ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన బొంబాయిలో వ్యాపారం చేశాడట. అందుకని ఇద్దరికీ ఉర్దూలో స్నేహం కుదిరింది. నాకు హాజీ మనవరాళ్ళతో ఆడి ఆడి అరబ్బీ వచ్చింది.

ఒక ఏడు నడివేసవిలో రంజాన్ వచ్చింది. ఖర్జూరాలు పండే కాలం కూడా అదే. పిట్టలు పండును పండుగా ఉండనివ్వడం లేదని హాజీ గోడ మీదుగా వాపోయాడు. తాతయ్యలో వంశవిద్య నిద్రలేచింది. పదిరోజులు గొట్టాలతో కుస్తీ పట్టి, గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసే తుపాకీ ఒకటి తయారుచేసి తోటగోడ పక్కన నిలబెట్టారు. తాడు లాగితే పేలాలి. మర్నాడు పొద్దున హాజీ సమక్షంలో ప్రారంభం. అంతవరకు ఎవరూ దాని దగ్గరికి పోకూడదని ఆజ్ఞ.

ఆ సాయంత్రం దుమ్ముగాలి రేగి సూర్యుడు ఎక్కడున్నాడో తెలియడం లేదు. రోజూ పొద్దుగూకగానే ఫిరంగి పేలుతుంది, అది విన్నాకే ఉపవాసం విడుస్తారు. వీధి వీధంతా చేతిలో ఖర్జూరం పట్టుకుని చెవులు రిక్కించి కూర్చుంది. నేను మా వంశవిద్య పనిచేస్తుందో లేదో చూద్దామని వెళ్ళి తాడు లాగాను.

మా ఇంటి తుపాకుల్లో అంత బాగా పేలింది అదొక్కటే.

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. వెంటనే ఇంటింటా గ్లాసుల చప్పుడు మొదలైంది. అసలు ఫిరంగి కాసేపటికి పేలింది. అప్పటికి కొందరు రెండో సమోసాలో ఉన్నారు.

వీధిలో జనం పోగయ్యారు. ఫిరంగి పేల్చే ముసలాయనకు చూపు ఆనడం లేదని, రెండుసార్లు పేల్చాడని, రేపే వెళ్ళి ఆయన్ని తీసేయించాలని అనుకుంటున్నారు. నేను ఇంట్లోకి పరుగెత్తి తాతయ్యకు ఆ సంగతి చెప్పాను. ఆయన నా అరచేతికి అంటిన గ్రీజు చూశారు.

"తాడు గుంజింది నువ్వేనా బిడ్డా?"

అవునన్నాను. ఎవరూ చూడలేదని, నింద ఎలాగూ ముసలాయన మీదికే పోతోందని ధైర్యం కూడా చెప్పాను.

తాతయ్య పటం వైపు చూశారు. "ఆ మీసం అలంకారం గాదు. మొదటి తుపాకి ఎనకకు పేలింది. బొమ్మ గీసెటాయన, మీసం నిండుగ గీస్త దొరా అన్నడట. తుపాకి నాదే, కాలిన మీసం నాదే, ఉన్నదున్నట్టు గియ్యి అన్నడట ఈయన."

షేర్వాణీ గుండీలు మెడ దాకా పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచారు. అందరి మధ్యా నిలబడి, నేనెప్పుడూ వంగగా చూడని తల వంచి, మొదట పేలిన తుపాకీ తనదేనని హాజీకి ఉర్దూలో చెప్పారు. నా ఊసు ఎత్తలేదు. అది నాకు దెబ్బకంటే ఎక్కువగా తగిలింది. తాడు లాగింది నేనని అరబ్బీలో నేనే చెప్పేశాను.

హాజీ గడ్డం నిమురుకుంటూ, "పిట్టలు పోయాయా సాబ్?" అని అడిగాడు.

"ఒక్కటి లేదు."

హాజీ నవ్వాడు. పోయిన ఉపవాసం పండగయ్యాక మళ్ళీ ఉంటామన్నాడు. తాతయ్య తానూ ఉంటానన్నారు. పొద్దున చాయ్ లేనిదే కళ్ళు తెరవని మనిషి ఆ ఉపవాసం రోజు పొద్దుగూకేదాకా పచ్చినీళ్ళు ముట్టలేదు. ఆయనకు తోడుగా నేనూ ఉన్నాను, పది గంటల దాకా.

ఇప్పుడు ఆ పటం బహ్రెయిన్‌లోనే మహూజ్‌లో, ఎనిమిదో అంతస్తులో, మా హాల్లో ఉంది. కిందటి నెల నా మూకుట్లో ఎండుమిర్చి మాడి, పొగకి బిల్డింగ్ అలారం మోగింది. అన్ని అంతస్తులవాళ్ళూ దిగి ఎండలో నిలబడ్డారు. మూడో అంతస్తులో వండుకుతినే నిజామాబాద్ కుర్రాళ్ళను వాచ్‌మన్ కేకలేస్తున్నాడు. పాపం, వాళ్ళ పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. నన్ను ఎవరూ అనుమానించలేదు. నా వాలకం అలాంటిది.

చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి అందరి ముందుకూ వెళ్ళాను. తల వంచాను.

"వాళ్ళు కాదు భాయ్. పోపు నాదే" అన్నాను.