అవ్వ కాపలా కాసిన దొరల ఊరు

బంగ్లా అవ్వ పోయిందన్న కబురు నాకు ప్యాపిలిలో తెలిసింది. మధ్యాహ్నం సువార్త కూటంలో ప్రసంగం ముగించి చెమట తుడుచుకుంటున్నాను. ఆళ్ళగడ్డ నుంచి ఎద్దుల బేరానికి వచ్చిన మనిషి ఒకాయన పందిరి గుంజ పట్టుకుని నిలబడి, "అన్నా, బంగ్లా అవ్వ పాయ. నిన్ననే మట్టి చేసినాం. నీకు చెప్పి పంపుదామంటే నువ్వు యాడ తిరుగుతాండావో ఎవురికి తెలుసు?" అన్నాడు. సాయంత్రం కూడా మాట్లాడాల్సింది నేనే. పాటలు పాడించి ముగించమని చెప్పి బస్సెక్కాను.

బస్సులో ఏడుపు రాలేదు. ఆమె దగ్గరున్న పెట్టె ఏమైందోనన్న ఆలోచనే దారంతా. ఆ పెట్టె సంగతి చెప్పకుండా ఆమె సంగతి మీకు చెప్పలేను.

నంద్యాలలో ఆడపిల్లల బడి చూసుకునే ఇంగ్లీషు దొరసాని ఒకామె ఉండేది. ఆమె బంగ్లాలో అవ్వ వంటమనిషి. దొరసానిది వాళ్ళ దేశంలో పాత భూస్వాముల వంశం. ఒక ఊరు ఊరంతా వాళ్ళదేనట. పొలాలు, అడవి, చెరువు, మన పాలెగాళ్ళ కోటంత ఇల్లు, దాన్ని నమ్ముకుని బతికే కౌలుదార్లు. అన్న పోయాక పన్నులు కట్టే దిక్కులేక ఆ ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు రాయీ కలపా అమ్ముకునేదానికి దాన్ని పడగొట్టారు. తరతరాల కాగితాలు మాత్రం ఎవరికీ అక్కరలేకపోయాయి. ఆ ఇంటిపేరుతో మిగిలింది ఈమె ఒక్కతే గనుక అవి ఇనప పెట్టెలో, ఓడ మీద మద్రాసుకూ, రైలు మీద నంద్యాలకూ వచ్చాయి.

దొరసాని వరండాలో చాప పరిపించి ఆ కాగితాలన్నీ పరుచుకుని కూర్చుందట. వంటింట్లో ఉన్న అవ్వను పిలిచి ఒక పటం చూపించి, "ఇది మా గృహము. ఇప్పుడు లేదు. పడగొట్టిరి" అందట. అవ్వ ఈ మాట చెప్పేటప్పుడు దొరసాని గొంతును అట్లే దించేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. అవ్వ నవ్వేది కాదు.

డెబ్భయ్యో దశకం మొదట్లో దొరసానికి జబ్బు చేసింది. విమానంలో పంపించేశారు. పెట్టె తీసుకుపోయే వీలు లేదు. "ఎవరైనా వచ్చెదరు. వారి చేతికి ఇమ్ము" అని అవ్వకు అప్పగించింది. ఏడాది తిరక్కముందే ఆమె చనిపోయిందని బంగ్లాకు ఉత్తరం వచ్చింది. బంగ్లాలోకి కొత్తవాళ్ళు వచ్చారు. అవ్వ పెట్టె తీసుకుని ఆళ్ళగడ్డలో ఉన్న కోడలి దగ్గరికి బయలుదేరింది. కొడుకు అప్పటికే లేడు.

ఆరోజు అదే బస్సులో నేనూ ఉన్నాను. ఆమెతో పరిచయం అట్లా అయింది. కండక్టరు పెట్టెను కాలితో తోసి చూసి, "ఏందవ్వా ఇంత బరువు? ఏముండాది ఇందులో?" అన్నాడు.

"ఊరుండాదప్పా."

"ఏ ఊరు?"

"నువ్వు టికెట్టు కొట్టలేని ఊరు."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, లగేజీకి టికెట్టు కొట్టడం మరవలేదు. శిరివెళ్ళ దాటేదాకా అవ్వ ఆ పెట్టె మీద చెయ్యి తీయలేదు.

ఎండాకాలం వచ్చిందంటే అవ్వకు పెద్ద పని. మిద్దె మీద పాత చీరలు పరిచి, కాగితాలన్నీ ఒక్కొక్కటీ ఎండకు పెట్టేది. వాటిలో సగం కాగితాలు కావు, గొర్రె తోలు మీద రాసినవి. ఎర్రటి లక్క ముద్రలు వేలాడుతుండేవి. లక్క కరగకుండా వాటి మీద తడిబట్ట కప్పేది. గాలికి లేవకుండా కంకర రాళ్ళు పెట్టేది. పొద్దు వాలాక వేపాకు, వసకొమ్ము వేసి మళ్ళీ మూటలు కట్టేది. పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబు మూటలకని మంచి మందపు గుడ్డ ఇచ్చేవాడు. "ఖాన్‌దాన్ కాయితాలవ్వా, వంశానివి. చెదలు పట్టనియ్యాకు" అనేవాడు. దారిన పోయేవాళ్ళు మాత్రం ఊరుకుంటారా?

"అవ్వా, వడియాలు పెట్టినావా?"

"పెట్టినా. రా, రెండు నములుదువు."

ఒకసారి నన్ను మిద్దె మీదికి పిలిచింది. "నాయనా, నీకు ఇంగ్లీషు వస్తాదంట గదా. ఏముండాదో చదివి చెప్పు" అంది. నా ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు. తెలుగు బైబిలు పక్కన ఇంగ్లీషుది పెట్టుకుని వేలు పెట్టి నేర్చుకున్నది. దానితో కలెక్టరుకు అర్జీ కూడా రాయలేను. కానీ ఆ కాగితాలు విప్పితే నాకు తెలిసిన మాటలే ఎదురొచ్చాయి. పొలము, గొర్రెలు, వారసుడు, గృహనిర్వాహకుడు, కోతకాలము, విధవరాలు. మధ్యలో తెలియనివి దాటుకుంటూ చెప్పాను. ఫలానా కౌలుదారు కోతలప్పుడు దొరవారింటికి కోళ్ళు తెచ్చి ఇవ్వాలి. ఫలానావాడు అడవిలో కట్టెలు కొట్టినందుకు జరిమానా. ఫలానా విధవరాలు గుడిసె ఖాళీ చేయనని మొండికేసింది, ఆ జాగా గొర్రెలకు కావాలి.

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి ఇల్లూ, చేనుకు చేనూ కలుపుకుంటూ పోయేవాళ్ళకు శ్రమ తప్పదని బైబిల్లో ప్రవక్త ఊరికే అన్నాడా? ఆ ఆదివారమే ఆళ్ళగడ్డ బజారులో నిలబడి, పేదవాడి ద్రాక్షతోట కోసం వాణ్ణి రాళ్ళతో కొట్టించిన రాజు సంగతి ఎత్తి, ఆ దొరలనూ వాళ్ళ గొర్రెలనూ కలిపి దులిపేశాను. జనం బాగా చేరారు. మరునాడు అవ్వ గుమ్మంలోకి కూడా రానీలేదు.

"వాళ్ళింటి గుట్టు బజార్లో పెట్టేదానికా నేను నిన్ను చదవమన్నది?"

"అవ్వా, వాళ్ళు పేదల ఉసురు పోసుకున్నోళ్ళు. ఆ పెట్టెకు అగ్గి పెట్టినా తప్పు లేదు."

"అగ్గి పెట్టేదానికి అది నీదా? నాదా? దాయమన్నారు, దాస్తాండా. దొంగ సొమ్మయితే దేవుడు అడుగుతాడు. నా దగ్గర పెట్టినోళ్ళు దొంగలు కాదు." చేతిలోని చేట పక్కన పెట్టి, "ఆ ముసిల్ది గుడిసె ఖాళీ చేసిందా, లేదా?" అంది.

ఆ ఏడాది మిగిలిన మూటలన్నీ వెతికాను. పక్క ఏడాదీ వెతికాను. కాగితాలు ఎండకు పెట్టిన ప్రతిసారీ ఆమె అదే అడిగేది. ఆ పొలంలో తర్వాత ఎన్ని గొర్రెలు మేశాయో ఉంది. ఆ విధవరాలు ఏమైందో ఏ తోలు మీదా లేదు. "రాసేవోనికి గొర్రెలే కనపడతాయిలే" అనేది అవ్వ.

పెట్టెను దాని మనుషులకు చేర్చాలని ఆమె పడని పాటు లేదు. నాచేత ఉత్తరాలు రాయించింది. దొరసాని పాత చిరునామాకు రాసినవి తిరిగొచ్చాయి. మద్రాసులో మిషను పెద్దలకు రాస్తే, ఇటువంటి వాటితో మాకు సంబంధం లేదని జవాబిచ్చారు. పోస్టాఫీసుకు పోతే గుమాస్తా పెట్టెను చూసి, ఓడ చార్జీలు పెట్టేదానికంటే నువ్వే ఎక్కి కూర్చో అవ్వా అన్నాడు. పాస్టరుగారు గుడి గదిలో పెట్టమన్నారు. అవ్వ పోయి ఆ గది గోడలు తట్టి చూసి, చెదలు రాలితే, తిరిగొచ్చింది. "అప్పగించినోళ్ళు రాకపోతే పెట్టె ఏం చేస్తాది?" అనేది. ఇన్ని ఊళ్ళలో ఇంత గట్టిగా అరిచే నేను ఆమెకు ఈ ఒక్క పనీ చేసిపెట్టలేకపోయాను.

కడకు ఈ మధ్యనే నంద్యాల బంగ్లాకు ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ళు నాకిచ్చారు. దొరసాని అక్క కొడుకు ఒకాయన ఆ కాగితాల కోసం వెతుకుతున్నాడు. వానలు తగ్గాక వస్తానన్నాడు. నేను పరుగున పోయి చెప్తే అవ్వ ముఖంలో ఏమీ మారలేదు. "పప్పూ అన్నం తింటాడా?" అని అడిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఎవురికీ చెప్పొద్దు నాయనా. నా కోడలికి గూడా. దొర వస్తాడని తెలిస్తే పేటంతా అర్జీలు పట్టుకోని వాకిట్లో కూచుంటాది. వచ్చినాయప్ప భయపడి పారిపోతాడు" అంది. ఆ మాట నేను కాపాడాను.

ఆ తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గిందని విని నేను ప్యాపిలి పోయాను.

ఇక ఆళ్ళగడ్డలో బస్సు దిగి వాళ్ళింటికి పోయేసరికి పెట్టె మూత తెరిచి, బోర్లించి, ఎండలో ఉంది. అవ్వ కోడలు నన్ను చూసి ఏడ్చింది. ఏడుపు సర్దుకున్నాక నేను కాగితాల మాట అడిగాను.

"అత్తతోనే పంపిచ్చినాం గదన్నా" అంది.

మా క్రైస్తవుల పేటల్లో ఒక ఆచారం ఉంది. పెద్దవాళ్ళు పోతే, వాళ్ళు చదివి చదివి చింపుకున్న బైబిలును వాళ్ళ తల కిందే పెట్టి పూడుస్తాం. వాక్యాన్ని చెత్తలో వేయకూడదు, కాల్చకూడదు. అవ్వకు చదువు రాదు. బైబిలు లేదు. ఉత్త తలతో ఎట్లా పంపేది అని పెద్దలు ఆలోచనలో పడ్డారట. అప్పుడు ఎవరో, ఇన్నేండ్లు కంటికి రెప్పలా చూసుకున్నది ఆ కాగితాలనే కదా అన్నారట. తల కింద కొన్ని, పక్కల కొన్ని, కాళ్ళ దగ్గర పటాలు. లక్క ముద్రలవి గుండెల మీద.

"సాయిబు కొత్త గుడ్డ గూడా ఇచ్చినాడన్నా. బాగా చేసినాం. ఏం, తప్పా?"

ఆ తల్లి ముఖంలోకి చూసి తప్పని ఎట్లా అంటాను? బాగా చేశారమ్మా అన్నాను.

కడపటి దినాన సమాధులు తెరవబడతాయని వీధి వీధినా గొంతు చించుకున్నవాణ్ణి. ఈ ఒక్క సమాధి తెరవండని పెద్దలను అడిగేదానికి నోరు రాలేదు. యజమాని ఇచ్చిన సొమ్మును భూమిలో పాతిపెట్టిన దాసుడి ఉపమానం మీలో చాలామంది నా నోట విన్నారు. వాణ్ణి ఎంత చీల్చి చెండాడేవాణ్ణో మీకు తెలుసు. ఇప్పుడు ఆ భాగం తెరిస్తే చూపు ముందుకు కదలదు. ఇక్కడ నమ్మకమైన దాసురాలు దాచిన సొమ్మును, ఆమె మీద ప్రేమతోనే పాతిపెట్టారు. ఎవరిని తిట్టాలి?

దొరసాని అక్క కొడుకు వస్తానన్నట్టే వచ్చాడు. బట్టతల, సన్నటి మనిషి. ఆయన వచ్చేది నాకు ముందుగా తెలిసినా, ఆపే దారి లేదు. అప్పటికే బయలుదేరిపోయిన మనిషికి ఉత్తరం ఎక్కడ అందుతుంది? అవ్వ చెప్పినట్టే వాకిట్లో అర్జీలు పట్టుకుని జనం చేరారు. ఒకాయన బోరింగు అడిగాడు, ఒకామె కొడుక్కు ఉద్యోగం అడిగింది. వాళ్ళ మధ్యలోంచి ఆయన్ను శ్మశానానికి తీసుకుపోయి, నా బైబిలు ఇంగ్లీషుతో, ఆమె నిద్రించింది, అవి ఆమెతో ఉన్నాయి అని చెప్పాను. అన్నీనా అని అడిగాడు. అన్నీ అన్నాను.

ఆయన సమాధి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తర్వాత నెమ్మదిగా, నాకు అర్థమయ్యేట్టు మాటలు ఏరుకుని చెప్పాడు. వాళ్ళ జిల్లాలో ఇట్లాంటి పాత ఇళ్ళ కాగితాలన్నీ భద్రంగా ఉంచే ఆఫీసు ఉందట. అక్కడికి దొరల మనవళ్ళు తక్కువ వస్తారట. వచ్చేవాళ్ళు ఎక్కువ మంది కూలీల మనవళ్ళు. వాళ్ళ ముత్తాతల పేర్లు ఇంకెక్కడా ఉండవు, జరిమానా కట్టినచోటో కోళ్ళు ఇచ్చినచోటో తప్ప. ఆ ఊరి నుంచి కూడా అడుగుతూనే ఉన్నారట. నేను అగ్గి పెట్టొచ్చన్న పెట్టె అది. ఆ నల్లరేగడి మీద నిలబడి ఆయన ముందు తల వంచుకున్నాను. ఆయన సమాధి మీది మట్టిగడ్డ ఒకటి తీసి, చూసి, తీసినచోటనే పెట్టాడు.

ఇంటికొచ్చి పప్పూ అన్నం తిన్నాడు. అవ్వకు చూపించాలని తెచ్చిన ఫోటో ఒకటి కోడలి చేతికిచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

మొన్న ఆళ్ళగడ్డ పోయినప్పుడు చూశాను. ఆ ఫోటో గంజి పూసి గోడకు అంటించి ఉంది. లెక్కలేనన్ని కిటికీల ఇల్లు, ముందర పచ్చిక, దాంట్లో గొర్రెలు. ఎరువుల కొట్టు నుంచి వచ్చిన మనిషి ఒకడు దాన్ని కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"ఎవురిదిమ్మే ఈ బంగ్లా?"

"మా అత్తది" అంది కోడలు, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

"గొర్రెలు గూడానా?"

"అవి గూడా" అంది, తల ఎత్తకుండా.