చాలనేదాకా నీళ్లు

మా పెదనాయన పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున, ఆళ్లగడ్డలో, మా ఇంట్లోనే. కబురు కార్డులు రాసింది నేనే. అన్నిటి మీదా ఒకే మాట రాసి, సిరా ఆరేదాకా వరుసగా పరిచి, ఆ తర్వాత మజ్జిగ తాగి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పేరు తెలియకపోయినా మీలో చాలామంది ఆయన్ను చూసే ఉంటారు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం నుంచి, మా ఊళ్లో బస్సులు ఆగేచోట పందిరి వేసి చలివేంద్రం నడిపింది ఆయనే. నాలుగు బానలు, ఒక ఇత్తడి చెంబు. సేద్యం ఉన్న మనిషి, ఆ పనికి జీతగాణ్ని పెట్టొచ్చు. పెట్టలేదు. దోసిలి పట్టినవాళ్లకు తానే వంగి పోసేవాడు. ఒకసారి తన బదులు నన్ను నిలబెట్టి చూశాడు. నాలుగు గుక్కలకే చెంబు ఎత్తేస్తే కసిరాడు.

"ఆపుతావేందిరా? తాగేటోడు తలూపి చాలనేదాకా పొయ్యల్ల. దప్పిక నీదా, వానిదా?"

పందిట్లో ఆ చెంబు ఆయన చేతిలోంచి మళ్లీ నా చేతికి రాలేదు. పెద్దమ్మ కన్నా చెంబే ఎక్కువని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్లం.

పోయిన చలికాలంలో కడుపు ఉబ్బడం మొదలైంది. మొలతాడు రెండుసార్లు వదులు చేసి కట్టుకున్నాడు. "ముసలితనానికి బొజ్జ వస్తాంది" అని నవ్వాడు. కాళ్లూ చేతులూ చూస్తే పుల్లలు. ఆయాసం ఎక్కువయ్యాక బస్సులో నంద్యాలకు తీసుకుపోయాను. డాక్టరు లావు సూది గుచ్చి, గొట్టం పెట్టి కడుపులో నీళ్లు దించాడు. బకెట్టు ముప్పాతిక నిండింది. తర్వాత నన్ను బయటికి పిలిచి చెప్పాడు. కార్జంలో, అంటే కాలేయంలో, రాచపుండు, క్యాన్సరు. మద్రాసుకు పోయినా ఇంత ముదిరినదానికి మందు లేదు. నీళ్లు మళ్లీ ఊరుతాయి. ఊరినప్పుడల్లా తెస్తే దించుతాను, ఊపిరన్నా ఆడుతుంది.

ఆ బకెట్టు చూశాక నాకూ పెద్దమ్మకూ ఒకటే తోచింది. తాగిన నీళ్లే కడుపులో నిలబడుతున్నాయి, తాగకపోతే ఊరవు. డాక్టరును ఒక మాట అడుగుదామని ఇద్దరికీ తట్టలేదు. పూటకు అరగ్లాసని నేనే నియమం పెట్టాను. చెంబు తీసి అటక మీద పెట్టాను. నోటికి రుచి లేదంటే మాత్రం పెద్దమ్మ సంగటిలోకి మామిడి ఊరగాయ వేసేది. ఉప్పూ కారం తగిలితే రెండు ముద్దలు ఎక్కువ తింటాడని.

"అప్పా, గుక్కెడు పొయ్యి."

"వద్దు పెదనాయనా. మళ్లా కడుపు నిండుతాది."

"నిండనీలేరా. నోరు పిడచగట్టుకపోతాంది."

నేను పోయలేదు. నాలుగో రోజుకు ఆయన అడగడం మానేశాడు. దప్పిక తగ్గిందనుకుని సంతోషపడ్డాను.

రెండు వారాలు తిరక్కుండానే కడుపు మళ్లీ ఉబ్బింది, నంద్యాలకు తీసుకుపోయాను. ఈసారి డాక్టరు ఆయన నాలుక చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. అంతా చెప్పాను.

"నీళ్లు ఎవరాపమన్నారప్పా? ఆపాల్సింది ఉప్పు. ఆ ఊరగాయతోనే ఒంట్లో నీరు నిలబడతాంది. దప్పికైనప్పుడల్లా తాగనీ."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బస్సు దిగి ఇంటికి రాగానే చెంబు దించి, తోమి, నిండా ముంచుకొచ్చాను. పెద్దమ్మ ఆయన తల ఎత్తి పట్టుకుంది. అప్పటికే మింగే శక్తి పోయింది. రెండు చెంచాలు దిగాయి, మూడోది పొలమారింది. "నిదానంగా పొయ్యప్పా" అన్నాడు. నన్ను ఇంకో మాట అనలేదు. ఇది మీకెందుకు రాస్తున్నానంటే, మీ ఇంట్లో ఎవరికైనా కడుపులో నీరు చేరితే, డాక్టరును అడగకుండా మీకు తోచింది చేయకండి.

శుక్రవారం ఊపిరి ఆగాక తులసి నీళ్లు పోయమన్నారు. ఆ చెంబుతోనే పోశాను. నీళ్లు పెదవుల పక్కనుంచి మెడ మీదికి కారి దిండు తడిసింది. ఎవరో నా చెయ్యి పట్టుకుని, చాల్లేప్పా అన్నారు. ఆయన తల ఊపలేదు. నేను పోస్తూనే ఉన్నాను.